బెర్ముడా: గాలివాన వెలిసిన మర్నాడు అక్కడివాళ్లు బైనాక్యులర్లు పట్టుకుని ఎందుకు బయల్దేరతారు?

బెర్ముడా పేరు వినగానే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి, ఓడలనూ విమానాలనూ మింగేస్తుందని కథలు చెప్పుకొనే ట్రయాంగిల్. రెండోది, 2007 ప్రపంచకప్‌లో భారత్‌తో మ్యాచ్‌లో రాబిన్ ఉతప్ప కొట్టిన బంతిని స్లిప్‌లో గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో పట్టిన భారీకాయుడు డ్వేన్ లెవరాక్.

పక్షులను చూసేవాళ్లకు మాత్రం ఆ పేరు ఇంకో రకంగా తెలుసు. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రం మధ్యలో, చుట్టూ ఎటు చూసినా నీళ్లే ఉన్న చోట, సుమారు 53 చదరపు కిలోమీటర్ల నేల అది. అతి దగ్గరి తీరం అమెరికాలోని నార్త్ కరొలైనా. అది కూడా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఇంత చిన్న దీవుల గుంపులో ఇప్పటిదాకా 350కి పైగా రకాల పక్షులు కనిపించినట్టు నమోదైంది. వాటిలో అక్కడే గూడు కట్టి పిల్లల్ని పెంచేవి కొద్ది రకాలే. మిగతావన్నీ దారిన పోతూ ఆగినవో, దారి తప్పి వచ్చినవో.

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చల్లటి గాలులతో వాన పడి వెలిసిందంటే, మర్నాడు పొద్దున్నే బెర్ముడాలో కొందరు చెరువు గట్ల మీద, గోల్ఫ్ మైదానాల అంచుల్లో, పొలాల పక్కన చేరతారు. మెడలో బైనాక్యులర్లు, చేతిలో ఓ చిన్న పుస్తకం, లేదంటే ఫోన్‌లో ఓ యాప్. రాత్రి ఏమేం వచ్చి వాలాయో చూడటం వాళ్ల పని.

అయితే అక్కడ కనిపించే అరుదైన పక్షి చూసేవాళ్లకు ఎంత పండగో, ఆ పక్షికి అంత ఆపద. ఈ రెండూ ఒకే పొద్దున, ఒకే కొమ్మ మీద జరుగుతుంటాయి. బెర్ముడా పక్షుల కథ అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

సముద్రం మీదుగా ఎందుకు వెళ్తాయి?

ఉత్తర అమెరికా అడవుల్లో వేసవిలో పిల్లల్ని పెంచుకున్న పక్షులు చలి మొదలయ్యేసరికి దక్షిణాదికి బయల్దేరతాయి. చాలా రకాలు నేల మీదుగా, తీరం వెంబడి, మధ్యమధ్యలో ఆగి తింటూ వెళ్తాయి. కొన్ని మాత్రం కెనడా తూర్పు తీరం నుంచో, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతం నుంచో నేరుగా సముద్రం మీదికి తిరుగుతాయి.

చూడటానికి ఇది ఆత్మహత్యలా అనిపిస్తుంది. కానీ దీని వెనక గాలి లెక్క ఉంది. వాయవ్యం నుంచి చల్లగాలి తెర దాటిపోగానే వీపు మీద తోసే గాలి దొరుకుతుంది. ఆ సాయంత్రమే పక్షులు లేస్తాయి. ఆగ్నేయంగా, అంటే బెర్ముడా వైపు సాగుతాయి. మరింత దక్షిణానికి వెళ్లేసరికి ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు అందుకుంటాయి. అవి పక్షులను నైరుతికి, కరీబియన్ దీవుల వైపు, దక్షిణ అమెరికా వైపు మళ్లిస్తాయి. మ్యాపు మీద గీస్తే అది విల్లులా వంగిన దారి. దూరం ఎక్కువే. కానీ గాలి సగం పని చేసిపెడుతుంది. పైగా సముద్రం మీద డేగల భయం కూడా తక్కువ.

1970లలో శాస్త్రవేత్తలు బెర్ముడాతో పాటు కరీబియన్ దీవుల్లోని రాడార్లతో రాత్రి ఆకాశాన్ని గమనించి, ఈ దారిని గుర్తించారు. అయితే రాడార్ తెర మీద కనిపించే చుక్క ఏ పిట్టో చెప్పడం కష్టం. అందుకే చిన్న చిన్న పిట్టలు నిజంగా ఇంత దూరం ఆగకుండా ఎగరగలవా అన్న వాదన దశాబ్దాల పాటు నడిచింది.

దానికి జవాబు 2015లో వచ్చింది. బ్లాక్‌పోల్ వార్బ్లర్ అని ఓ పిట్ట ఉంది. మామూలుగా దాని బరువు 12 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల పంచదారంత. వలసకు ముందు అదేపనిగా తిని, ఒళ్లంతా కొవ్వు పట్టించి, దాదాపు రెట్టింపు బరువుకు చేరుతుంది. పరిశోధకులు ఈ పిట్టల వీపుల మీద అర గ్రాము బరువున్న చిన్న పరికరాలు కట్టి వదిలారు. పగటి వెలుతురు ఎంతసేపు ఉందో అది నమోదు చేస్తుంది. దాన్నిబట్టి పక్షి ఎక్కడుందో లెక్కగడతారు. మరుసటి ఏడాది తిరిగొచ్చినప్పుడు మళ్లీ పట్టుకున్న ఐదింటి లెక్క చూస్తే, అవి 2,270 నుంచి 2,770 కిలోమీటర్ల దూరాన్ని రెండు మూడు రోజుల్లో, ఎక్కడా ఆగకుండా సముద్రం మీదుగా దాటినట్టు తేలింది. నీటి మీద తేలే బాతో, గాలిలో జారుతూ సేదదీరే ఆల్బట్రాసో అయితే వేరు. ఈ పిట్ట నీళ్ల మీద వాలితే మళ్లీ లేవలేదు.

ఇలాంటి సాహసం మన వైపు కూడా జరుగుతుంది. ఈశాన్య భారతంలో, ముఖ్యంగా నాగాలాండ్‌లో ఆగే అమూర్ డేగలు భారతదేశం మీదుగా వచ్చి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరతాయి. వాటికి కట్టిన శాటిలైట్ పరికరాలే ఆ సంగతి చెప్పాయి. కాకపోతే అమూర్ డేగ బరువు బ్లాక్‌పోల్ వార్బ్లర్ కంటే పది రెట్లకు పైనే.

పక్షికి మంచి వాతావరణం, చూసేవాళ్లకు చెడ్డ వాతావరణం

గంటకు 60 కిలోమీటర్ల వేగం అనుకున్నా న్యూ ఇంగ్లండ్ తీరం నుంచి బెర్ముడా మీదికి రావడానికి దాదాపు 20 గంటలు. గాలి సహకరిస్తే పక్షులు అక్కడ ఆగవు. కంటికి ఆననంత ఎత్తులో దీవుల మీదుగా సాగిపోతాయి. కింద చెరువు గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఖాళీ కొమ్మలే కనిపిస్తాయి.

దారి మధ్యలో గాలి ఎదురు తిరిగినప్పుడో, వాన మేఘం అడ్డొచ్చినప్పుడో కథ మారుతుంది. ఒంట్లో కొవ్వు కరిగిపోతుంటుంది. కింద నేల జాడ కనిపిస్తే చాలు, దిగిపోతాయి. ఒక్కోసారి తెల్లారేసరికి పొదల నిండా, రోడ్డు పక్క గడ్డిలో, ఇళ్ల పెరళ్లలో ఎక్కడ చూసినా పిట్టలే. పక్షి ప్రేమికులు దీన్ని ఫాల్‌అవుట్ అంటారు. అంటే ఆకాశం నుంచి రాలిపడటమే. ఆ మాటలోనే ఉంది విషయమంతా. అవి అక్కడికి రావాలని రాలేదు. రాలిపడ్డాయి.

ఇక హరికేన్‌లైతే చెప్పనక్కర్లేదు. తుపాను కన్ను దగ్గర చిక్కుకున్న సముద్ర పక్షులు ఆ సుడిలోనే వందల కిలోమీటర్లు కొట్టుకుపోతాయి. ఉష్ణమండలంలో ఉండాల్సినవి బెర్ముడా తీరంలో తేలతాయి. 2014 అక్టోబరులో ఫే, గొంజాలో అనే రెండు హరికేన్‌లు వారం తిరక్కుండానే ఆ దీవులను తాకాయి. అలాంటి వారంలో పక్షులను చూద్దామని బయల్దేరడానికి ముందు ఇంటి కప్పు ఉందో లేదో చూసుకోవాలి. అది వేరే మాట.

ఎక్కడ నడుస్తారు? ఏం చూస్తారు?

బెర్ముడాలో నదులు లేవు, వాగులు లేవు. ఇళ్ల కప్పులు మెట్లు మెట్లుగా, తెల్లగా సున్నం కొట్టి ఉంటాయి. అందం కోసం కాదు, పడిన వాన చుక్కను ఇంటి కింది తొట్టెలోకి పట్టుకోవడానికి. మనుషులకే మంచినీళ్లు ఇంత కరువైన చోట, సముద్రం దాటి దాహంతో దిగిన పక్షికి ఏముంటుంది? కొన్ని చెరువులు, కొన్ని చిత్తడి నేలలు. అంతే. అందుకే అక్కడ పక్షులను వెతకడం ఒక రకంగా సులువు. నీళ్లెక్కడున్నాయో అక్కడికి వెళ్తే చాలు.

నడకలు ఎక్కువగా స్పిటల్ పాండ్ దగ్గర మొదలవుతాయి. దక్షిణ తీరాన, సముద్రానికి ఆనుకుని ఉన్న 60 ఎకరాలకు పైబడిన రక్షిత ప్రాంతం అది. మధ్యలో కాస్త ఉప్పగా ఉండే చెరువు. ఆగస్టు నుంచే దాని బురద అంచుల్లో ఉల్లంకి జాతి పిట్టలు దిగుతాయి. కెనడా ఉత్తరాన టండ్రాలో పిల్లల్ని పెంచి వస్తున్నవి అవి. శీతాకాలమంతా బాతులు, కొంగలు, మనం నామాలకోడి అనే పక్షికి అమెరికా వైపు బంధువైన కూట్‌లు ఉంటాయి. తలమీద జుట్టు రేగినట్టుండే బెల్టెడ్ కింగ్‌ఫిషర్ ఒకటి రెండు కచ్చితంగా కనిపిస్తాయి. మన లకుముకి కంటే పెద్దది.

అదే ప్రాంతంలో, సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కొండ అంచున 1543 అనే సంవత్సరం చెక్కిన రాయి ఉండేది. ఓడ మునిగి ఆ తీరానికి కొట్టుకొచ్చిన పోర్చుగీసు నావికులు చెక్కారని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడక్కడ దాని లోహపు అచ్చు మాత్రమే ఉంది. బెర్ముడాలో మనుషుల కాపురం మొదలైంది కూడా ఇలాగే. 1609లో వర్జీనియాకు వెళ్తున్న సీ వెంచర్ అనే ఇంగ్లిష్ ఓడ తుపానులో చిక్కి అక్కడి రాళ్ల మీదికి ఎక్కింది. దారి తప్పి రావడంలో అక్కడ పక్షికీ మనిషికీ పెద్ద తేడా లేదు.

స్పిటల్ పాండ్ తర్వాత వార్విక్ పాండ్, సేమూర్స్ పాండ్, పడమటి కొసన సోమర్‌సెట్ లాంగ్ బే. పేజెట్ మార్ష్‌లో చెక్క వంతెన మీద నడుస్తూ పాత బెర్ముడా అడవి ఎలా ఉండేదో చూడొచ్చు. పాత రైలు మార్గం కూడా ఉంది. 1931లో వేసి, 1948లో మూసేసిన ఆ రైలు పట్టాల దారి ఇప్పుడు దీవి పొడవునా కాలిబాట. రెండు పక్కలా పొదలు ఉండటంతో అడవి పిట్టలకు అది ఇష్టమైన చోటు. దీవులు మొత్తం కలిపినా వెడల్పు రెండు మూడు కిలోమీటర్లకు మించదు కాబట్టి, ఒక పొద్దుటి పూటలో ఈ కొస నుంచి ఆ కొసకు చుట్టేసి రావొచ్చు.

వీటిలో కొన్ని చోట్లను కాపాడుతున్నది 1954లో ఏర్పడిన బెర్ముడా ఆడుబాన్ సొసైటీ. ప్రభుత్వమూ, అక్కడి నేషనల్ ట్రస్టూ మరికొన్నిటిని చూసుకుంటాయి. సొసైటీ సభ్యులు నడకలు నిర్వహిస్తారు. చూసినవాటి లెక్కలు దాచిపెడతారు. ఏటా క్రిస్మస్ రోజుల్లో జరిగే పక్షుల గణనలో పాల్గొంటారు. 1900లో అమెరికాలో మొదలైన ఆ గణనకు ఓ సరదా నేపథ్యం ఉంది. పండగనాడు తుపాకులతో ఎవరెక్కువ పక్షుల్ని కొడతారో పోటీపడే అలవాటు అక్కడ ఉండేది. దానికి బదులుగా, ఎవరెన్ని చూస్తారో లెక్కపెట్టుకుందాం అన్నారు.

వలస పక్షి వేరు, దారి తప్పిన పక్షి వేరు

మన పత్రికల్లో తేలినీలాపురం గురించి రాసినప్పుడల్లా ‘సైబీరియా పక్షులు’ అనడం అలవాటైపోయింది. నిజానికి అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులే. రుతువును బట్టి చోటు మారతాయి, అంతే. శీతాకాలంలో ఉత్తరాది నుంచి పులికాట్‌కు, కొల్లేరుకు వచ్చే బాతులు, ఉల్లంకులు అసలు వలస పక్షులు. ఏటా అదే కాలంలో, అదే దారిలో వస్తాయి.

బెర్ముడాలో ఈ రెండింటితో పాటు మూడో రకం ఎక్కువ. అక్కడ ఉండాల్సిన అవసరమే లేనివి. ఉత్తర అమెరికా వార్బ్లర్లలో దాదాపు అన్ని రకాలూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ కనిపించాయి. పడమటి రాష్ట్రాల్లో ఉండాల్సినవి కూడా వాటిలో ఉన్నాయి. అప్పుడప్పుడు ఐరోపా నుంచీ వస్తాయి. 1980లో అయితే సైబీరియన్ ఫ్లైక్యాచర్ ఒకటి కనిపించింది. అది సైబీరియాలోనూ, మన హిమాలయాల్లోనూ గూడు కట్టే పిట్ట. శీతాకాలం ఆగ్నేయాసియాలో గడపాలి. అట్లాంటిక్ మధ్యలోకి ఎలా వచ్చిందో ఊహించడమే కష్టం.

చాలాసార్లు దారి తప్పేవి ఆ ఏడాదే పుట్టిన పిల్ల పక్షులు. అవి ఎటు ఎగరాలో, ఎంతసేపు ఎగరాలో పుట్టుకతో వచ్చిన లెక్కతోనే తెలుసుకుంటాయి. దిక్సూచిలాంటి ఆ లెక్క కొంచెం అటూఇటూ అయినా, గాలి కాస్త పక్కకు తోసినా అంతే. పెద్ద పక్షులు సర్దుకుంటాయి. మొదటిసారి వెళ్తున్నవాటికి ఆ అనుభవం ఉండదు.

చూసేవాడి జాబితాలో అది ఒక కొత్త పేరు. దానికేమో ముందున్నది బతుకో చావో తేల్చే వారం. కాస్త పురుగులు, కాస్త నీళ్లు, తలదాచుకునేందుకు పొద దొరికితే మళ్లీ కొవ్వు పట్టించి బయల్దేరుతుంది. లేదంటే లేదు. వాటితో పాటే వలస వచ్చే మెర్లిన్ డేగలూ, పెరెగ్రిన్ డేగలూ వెంటపడుతుంటాయి. ఊరి పిల్లులు పొదల కింద కాచుకుని ఉంటాయి. దీవుల్లో యజమానులు లేకుండా తిరిగే పిల్లుల గుంపులు అక్కడ పెద్ద తలనొప్పి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు నడకలకు వచ్చే కొత్తవాళ్లకు మొదట చెప్పేది పేర్లు కాదు, దూరం. అలసిపోయిన పక్షిని ఒక్కసారి లేపితే అది ఖర్చుపెట్టేది తన దగ్గర మిగిలిన కొద్దిపాటి ఇంధనమే. ఫొటో సరిగ్గా రాలేదని నాలుగుసార్లు లేపితే, ఆ పొద్దుట అది తిన్నదంతా పోయినట్టే. ఫోన్‌లో కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడం కూడా అలాంటిదే. మన దగ్గర కూడా కెమెరాలు పెరిగిన కొద్దీ ఇది పెరుగుతోంది. గూళ్ల దగ్గరికి గుంపులుగా వెళ్లడం, ఎగిరే ఫొటో కోసం రాళ్లు విసరడం లాంటివి కొత్తేమీ కాదు. ఈ విషయంలో ఆ చిన్న దీవి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

దెయ్యాల దీవుల కేకలు ఎవరివి?

వచ్చిపోయే పక్షుల సంగతి ఇలా ఉంటే, బెర్ముడాకు సొంత పక్షి ఒకటుంది. దాని పేరు కాహౌ. అది కూసే కూతే ఆ పేరు. ఏడాదిలో ఎక్కువ భాగం నడి సముద్రంలో తిరిగి, గుడ్డు పెట్టడానికి మాత్రం చీకట్లో నేల మీదికి వచ్చే పెట్రెల్ జాతి పక్షి. ప్రపంచంలో బెర్ముడాలో తప్ప ఇంకెక్కడా గూడు పెట్టదు.

ఒకప్పుడు అవి లక్షల్లో ఉండేవి. రాత్రిపూట వాటి అరుపులు విని, నావికులు ఆ చోటుకు దెయ్యాల దీవులు అని పేరు పెట్టారు. ట్రయాంగిల్ కథల కంటే ఇది మూడున్నర శతాబ్దాలు పాతది. అయితే నావికులు వదిలిపెట్టిన పందులు బొరియలు తవ్వి గుడ్లు తిన్నాయి. 1609 తర్వాత స్థిరపడిన మనుషులు కరువు రోజుల్లో పక్షులనే తిన్నారు. ఓడల్లో వచ్చిన ఎలుకలు మిగతా పని పూర్తి చేశాయి. 1616లోనే గవర్నరు వాటిని కొట్టొద్దని ఆజ్ఞ జారీ చేశారు. ప్రపంచంలో తొలి వన్యప్రాణి రక్షణ ఆదేశాల్లో అదొకటి. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1620ల నాటికి కాహౌ అంతరించిందనుకున్నారు.

1951 జనవరిలో అమెరికా పక్షి శాస్త్రవేత్త రాబర్ట్ కుష్మన్ మర్ఫీ, బెర్ముడాకు చెందిన లూయీ మోబ్రే కలిసి కాజిల్ హార్బర్ దగ్గరి చిన్న చిన్న రాతి దీవుల్లో వెతికారు. పడవలో వాళ్లతో పాటు పదిహేనేళ్ల కుర్రాడు డేవిడ్ వింగేట్ కూడా ఉన్నాడు. ఒక బొరియలోంచి బతికున్న కాహౌను బయటికి తీశారు. మూడు వందల ఏళ్లకు పైగా లేదనుకున్న పక్షి అది. ఆ కుర్రాడే పెద్దయ్యాక నాన్‌సచ్ అనే చిన్న దీవిలో కాపురముండి, జీవితమంతా దాని కోసం పనిచేశాడు.

తెలుగువాళ్లకు ఇలాంటి కథ ఒకటి బాగా తెలుసు. 1900 తర్వాత కనిపించకుండా పోయిన కలివికోడి 1986లో కడప జిల్లా ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అయితే మళ్లీ కనిపించడం వేరు, మళ్లీ పెరగడం వేరు. ఈ తేడా ఎక్కడ వస్తుందో కాహౌ కథ చెబుతుంది.

1960ల మొదట్లో లెక్కపెడితే ఉన్నవి 18 జంటలే. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి అది. పైగా అవి గూడు పెట్టే రాతి రంధ్రాలను లాంగ్‌టెయిల్ అనే మరో సముద్ర పక్షి ఆక్రమించి, పిల్లలను చంపేస్తోంది. పొడవాటి తెల్లతోకతో ఉండే ఈ లాంగ్‌టెయిల్ బెర్ముడా వాళ్లకు మరీ ప్రియమైనది. మార్చిలో అది వచ్చిందంటే వసంతం వచ్చినట్టే. అక్కడి 25 సెంట్ల నాణెం మీద ఉన్నది కూడా అదే. దాన్ని చంపలేరు, కాహౌను వదులుకోలేరు. చివరికి గూటి ద్వారానికి చెక్కతో అడ్డు పెట్టి, కాహౌ మాత్రమే పట్టేంత కన్నం చేశారు. లాంగ్‌టెయిల్ కొంచెం పెద్దది కాబట్టి లోపలికి దూరలేదు. కొన్ని మిల్లీమీటర్ల తేడాతో ఒక జాతి నిలబడింది.

ఆ తర్వాత గుడ్లు పొదగకుండా పాడవడం మొదలైంది. పొలాల దరిదాపులకు కూడా రాని ఈ పక్షి ఒంట్లో, గుడ్లలో డీడీటీ అవశేషాలు ఉన్నట్టు 1968లో వింగేట్, అమెరికా శాస్త్రవేత్త చార్ల్స్ వుర్‌స్టర్ కలిసి ఒక పరిశోధన పత్రంలో ప్రకటించారు. నేల మీద చల్లిన మందు నదులు దాటి, సముద్రం దాటి, చేపల ద్వారా పక్షిలోకి చేరిందన్నమాట. అమెరికాలో డీడీటీ మీద జరిగిన పెద్ద చర్చలో ఇదీ ఒక సాక్ష్యం. 1972లో అక్కడ దాన్ని నిషేధించారు.

ఒక గుడ్లగూబ, ఐదు కాహౌలు

వచ్చిపోయే పక్షికీ సొంత పక్షికీ మధ్య చిక్కు ఎంత తీవ్రమో చెప్పే సంఘటన ఒకటుంది. 1987లో ధ్రువ ప్రాంతానికి చెందిన ఒక తెల్ల గుడ్లగూబ దారి తప్పి బెర్ముడా చేరింది. టండ్రాలో ఎలుకల్లాంటి లెమ్మింగ్‌లను తిని బతికే పక్షి అది. మంచు ఎడారిలో ఉండాల్సిన ఆ తెల్లని భారీ పక్షి సముద్రపు దీవిలో కనిపించడమంటే చూసేవాళ్లకు జన్మకో శివరాత్రి.

అది కాహౌలుండే రాతి దీవుల దగ్గర మకాం వేసింది. రాత్రిళ్లు బొరియల దగ్గరికి వచ్చే కాహౌలను పట్టడం మొదలుపెట్టింది. ఐదింటిని చంపింది. అప్పటికి ప్రపంచం మొత్తం మీద కాహౌ జంటలు యాభై లోపే. చివరికి ఆ గుడ్లగూబను కాల్చి చంపాల్సి వచ్చింది.

తప్పు ఎవరిది? గుడ్లగూబ ఆకలితో తిన్నది. ఇలాంటి అతిథులు వేల ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. లక్షల కాహౌలున్న రోజుల్లో ఐదు పోవడం లెక్కలోకి రాదు. మనుషులు ఆ లక్షలను వందకు తెచ్చాక, దారి తప్పిన ఒక్క పక్షి కూడా ఒక జాతికి ముప్పైంది. ఆ తుపాకీ పేల్చడం సరైన పనే అనిపిస్తుంది. కానీ దాన్ని పక్షి సంరక్షణ విజయంగా చెప్పుకోలేం. పాత అప్పుకు కట్టిన వడ్డీ అది.

కావాలని తెచ్చిన పక్షుల కథ ఇంకోలా ఉంది. బల్లులను అదుపు చేస్తుందని 1957లో ట్రినిడాడ్ నుంచి కిస్కడీ అనే పసుపు పొట్ట పిట్టలను తెచ్చి వదిలారు. అవి బల్లుల కంటే మిగతావన్నీ తిన్నాయి. ఇప్పుడు దీవిలో ఏ మూల చూసినా వాటి అరుపులే. బ్లూబర్డ్‌ల గూళ్లను పిచ్చుకలు లాక్కుంటున్నాయి. 1940లలో పొలుసు పురుగు సోకి అక్కడి సెడార్ చెట్లలో 95 శాతం దాకా ఎండిపోయాయి. తొర్రలు పోయిన బ్లూబర్డ్‌లు ఇప్పుడు గోల్ఫ్ మైదానాల్లో, ఇళ్ల పెరళ్లలో మనుషులు కట్టిన చెక్క పెట్టెల మీదే ఆధారపడి బతుకుతున్నాయి.

ఈ లెక్కలు ఎందుకు?

పొద్దున్నే లేచి చెరువు గట్టున నిలబడి పిట్టలు లెక్కపెట్టడం పనిలేనివాళ్ల వ్యవహారంలా కనిపించొచ్చు. 2019లో ఒక పెద్ద అధ్యయనం, 1970తో పోలిస్తే ఉత్తర అమెరికాలో పక్షుల సంఖ్య సుమారు 290 కోట్లు తగ్గిందని చెప్పింది. అంటే దాదాపు 29 శాతం. ఆ లెక్కకు ఆధారం ఎక్కువగా ఇలాంటి సాధారణ జనం దశాబ్దాల పాటు రాసిపెట్టుకున్న పట్టికలే. సముద్రం దాటే ఆ బ్లాక్‌పోల్ వార్బ్లర్ కూడా బాగా తగ్గిపోయిన జాతుల్లో ఉంది.

అలాంటి పిట్టకు అట్లాంటిక్ మధ్యలో రెండెకరాల చిత్తడి ఉందా, దాన్ని పూడ్చి ఇళ్లు కట్టారా అన్నది చిన్న విషయం కాదు. బెర్ముడా జనాభా 64 వేల చిల్లర. చదరపు కిలోమీటరుకు వెయ్యి మందికి పైగా. అక్కడ స్థలం ధర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గతంలో చాలా చిత్తడి నేలలు చెత్తకుప్పలయ్యాయి. మిగిలిన చెరువులను ఆడుబాన్ సొసైటీ కొని, కంచె వేసి కాపాడటం వెనక నడకల్లో పోగైన లెక్కల బలం ఉంది. ఈ చెరువులో ఏ నెలలో ఏమేం దిగాయో కాగితం మీద చూపించగలిగినప్పుడే, అది ఖాళీ జాగా కాదని వాదించగలరు.

కాహౌ విషయంలో కూడా జాగా మీదే పట్టుబట్టారు. 2003 సెప్టెంబరులో వచ్చిన ఫేబియన్ హరికేన్ అవి గూడు పెట్టే రాతి దీవులను చాలావరకు కోసేసింది. సముద్ర మట్టం పెరుగుతుంటే ఆ రాళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పలేని పరిస్థితి. దాంతో 2004 నుంచి 2008 దాకా వందకు పైగా పిల్ల పక్షులను ఎత్తుగా ఉండే నాన్‌సచ్ దీవికి తరలించి, కృత్రిమ బొరియల్లో పెట్టి, చేతులతో చేపలు, స్క్విడ్‌లు తినిపించారు. ఎగిరిపోయిన పిల్ల కాహౌ కొన్నేళ్లు సముద్రంలోనే తిరిగి, ఏ చోటు నుంచి మొదటిసారి ఎగిరిందో అక్కడికే తిరిగొస్తుంది. ఆ నమ్మకం మీదే ఇదంతా చేశారు. 2008లో మొదటివి వచ్చాయి. 2009లో నాన్‌సచ్ మీద ఒక పిల్ల పుట్టింది. 1620ల తర్వాత ఆ దీవిలో పుట్టిన మొదటి కాహౌ అదే. ఇప్పుడు మొత్తం జంటలు 150 దాటాయి.

నాన్‌సచ్ మీదికి మామూలు సందర్శకులను ఇష్టారాజ్యంగా వెళ్లనివ్వరు. దాని బదులు ఒక బొరియలో చీకట్లోనూ పనిచేసే కెమెరా పెట్టారు. కాహౌక్యామ్ పేరుతో ఆ దృశ్యాలు ఇంటర్నెట్‌లో నేరుగా వస్తాయి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ ఇందులో భాగస్వామి. జనవరిలో గుడ్డు, మార్చిలో పిల్ల, మే చివరి నుంచి జూన్ లోపు అది ఎగిరిపోవడం. బెర్ముడా గడియారం శీతాకాలంలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. కాహౌలు కదిలేది రాత్రిపూట కాబట్టి, అక్కడ పది గంటలయ్యేసరికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మర్నాడు పొద్దున ఏడున్నర. సరిగ్గా కాఫీ తాగే వేళ.